వెయ్యి రూపాయల ఇయర్‌బడ్స్‌లో ముందు చూడాల్సింది డబ్బా

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ సెల్ షాపుకెళ్లి ఇయర్‌బడ్స్ అడిగినా ఒకటే తంతు. కౌంటర్లో ఉన్న అబ్బాయి ఒక బడ్ తీసి చేతిలో పెడతాడు, తన ఫోన్లో ఏదో డీజే మిక్స్ ఫుల్ సౌండులో పెట్టి "బేస్ చూడన్నా, అదిరిపోద్ది" అంటాడు. అదిరేది నిజమే, అంత సౌండులో ఏదైనా అదురుతుంది. చెవికి కాస్త గట్టిగా వినబడింది బాగున్నట్టే అనిపిస్తుంది. పైగా ఆ ఫోన్లో డాల్బీయో ఈక్వలైజరో ముందే ఆన్ చేసి ఉంటుంది. ఒంగోలు వెళ్లినా, కావలి వెళ్లినా ఇదే వరస. ఎనిమిది వందల నుంచి పదిహేను వందల లోపు దొరికే బడ్స్ సంగతి ఆ రెండు నిమిషాల డెమోలో తేలేది కాదు.

ఈ ధరలో మా తీర్పు ముందే చెప్పేస్తాం. కాస్త పేరున్న కంపెనీల సరుకులో సౌండు తేడాలు చిన్నవే, బడ్ మూతికి మీ చెవికి సరిపడే రబ్బరు తొడిగితే అందులోనూ సగం పోతాయి. ఏడాది తిరక్కుండా సొరుగులో పడే బడ్స్ చాలావరకు పాట చెడి పడవు, ఛార్జింగ్ చెడి పడతాయి. అందుకే పరీక్ష ఛార్జింగ్ డబ్బాతో మొదలుపెట్టాలి.

మూత తెరిచి వేలితో పక్కలకి కదపండి. రవ్వంత ఆడటం మామూలే. అంచు దాటి పక్కకి ఒరుగుతుంటే కీలు బలహీనం, ఒకట్రెండు సార్లు బండ మీద పడితే ఊడి చేతికొస్తుంది. మూసేటప్పుడు చివర్లో మూతని అయస్కాంతమే లాక్కోవాలి, మనం నొక్కాల్సిన పని ఉండకూడదు. ఇప్పుడు మూత తీసే ఉంచి, కింద అరచెయ్యి పెట్టుకుని డబ్బాని తలకిందులు చేయండి. బడ్స్ రెండూ లోపలే నిలవాలి. ఒకటి జారిపడిందంటే ఆ గుంతలో అయస్కాంతం పట్టు చాల్లేదన్నమాట, రేపు ఛార్జింగ్‌లో సతాయించేది ఆ పక్కదే.

గుంతల అడుగున బంగారు రంగులో రెండేసి చిన్న పిన్నులుంటాయి, కొన్ని మోడళ్లలో మూడు. ఒక్కోదాని లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగు. టూత్‌పిక్ మొనతో మెల్లగా నొక్కితే దిగాలి, వదిలితే పైకి రావాలి, అన్నీ ఒకే ఎత్తులో నిలవాలి. మొత్తం బడ్స్‌లో ఎక్కువ గొడవ పెట్టే భాగం ఇదే. బడ్‌కి తను డబ్బాలో ఉన్నానో బయట ఉన్నానో చాలా మోడళ్లలో ఈ పిన్నుల ద్వారానే తెలుస్తుంది. పిన్ను ఆనకపోతే అది బయటే ఉన్నాననుకుని ఆన్‌లో ఉండిపోతుంది, ఫోన్‌ని పట్టుకునే ఉంటుంది. జేబులో డబ్బా మూసి ఉన్నా, ఫోన్ ఎత్తి హలో అంటే అవతలి గొంతు వినబడదు, ఆ గొంతు డబ్బాలోని బడ్‌లోకి పోతోంది కాబట్టి. తెల్లారేసరికి ఒక బడ్ వంద, ఇంకోటి సున్నా. షాపువాళ్లు దీన్ని "బ్లూటూత్ ప్రాబ్లం" అని చెప్పి పంపేస్తారు గానీ బ్లూటూత్‌కి దీంతో సంబంధం లేదు.

ఇది త్వరగా రావడానికి మన వాతావరణం కూడా తోడవుతుంది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం పక్క ఊళ్లలో ఉప్పుగాలి. ఎండాకాలం నెల్లూరు చెమట సంగతి చెప్పక్కర్లేదు. చవక బడ్స్‌లో పిన్నుల మీద, బడ్ కింది లోహపు చుక్కల మీద పూత పలచగా ఉంటుంది. చెమట తడి మీదే డబ్బాలో పెట్టేస్తే, తడి పిన్నుకి కరెంటు తగిలి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. మొదట నల్ల చుక్క వస్తుంది, తర్వాత ఆకుపచ్చ చిలుము. నడకకో జిమ్‌కో వెళ్లొచ్చాక బడ్ కింది చుక్కల్ని బనీను గుడ్డతో తుడిచి, పది నిమిషాలు గాలికి వదిలి, అప్పుడు డబ్బాలో పెట్టండి. చిలుము పట్టేసి ఉంటే సెల్ రిపేరు షాపుల్లో బోర్డులు కడిగే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రావకం నాలుగు చుక్కలు దూదిపుల్ల మీద వేసి రుద్దితే చాలావరకు పోతుంది. బ్లేడు, గరుకు కాయితం వాడొద్దు. మిగిలిన పూత కూడా లేచిపోయి వారంలో మళ్లీ చిలుము పడుతుంది.

డబ్బా వెనక యూఎస్‌బీ-సి రంధ్రం ఉందని సంబరపడక్కర్లేదు. సి నుంచి సి వైరుతో ఛార్జ్ కావాలంటే పోర్టు దగ్గర 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండుండాలి. అవి ఉంటేనే అవతలి ఛార్జరు కరెంటు వదులుతుంది. పైసల్లో వచ్చే ఆ రెండు ముక్కల్ని కూడా మిగుల్చుకునే తయారీదార్లున్నారు. అలాంటి డబ్బా కొత్త ఫోన్ ఛార్జరుకి పెడితే లైటు కూడా వెలగదు, పాత తరహా వెడల్పాటి మొన ఉన్న వైరు పెడితే ఎక్కుతుంది. షాపులోనే రెండు రకాల వైర్లూ పెట్టించి చూడండి. ఎక్కకపోతే సరుకు చెడిపోయిందని కాదు, కానీ ఇక్కడే కక్కుర్తి పడినవాడు లోపల ఇంకెక్కడ పడ్డాడో.

బడ్ ఒంటిని గోటితో చూడాలి. రెండు చిప్పలు అతికిన గీత మీద గోరు పెట్టి చుట్టూ లాగండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అక్కడ సందుంది, చెమట దిగేది అందులోంచే. పాట వచ్చే మూతి దగ్గర జాలీ లోహానిదైతే మేలు. గుడ్డ జాలీని జిగురుతో అంటిస్తారు, గుమిలి తీయబోతే అదీ ఊడొస్తుంది. మూతి పక్కనో కిందో సూదిమొనంత రంధ్రం ఒకటుంటుంది, అది డ్రైవర్‌కి, అంటే లోపల శబ్దం పుట్టించే బుల్లి స్పీకరుకి, గాలి వదిలే దారి. అక్కడ మురికి పేరుకుంటే ఆ పక్క బేస్ మారిపోతుంది. చెవిలో నొక్కేటప్పుడు ప్లాస్టిక్ కవరు నలిగినట్టు చిటపట వినబడిందంటే లోపలి పొర గాలి ఒత్తిడికి వంగుతోందని అర్థం. ఒక్కసారి చిటుక్కుమంటే పర్లేదు. దవడ కదిపినప్పుడల్లా వస్తుంటే ఆ బడ్స్ వద్దు.

నీళ్లనీ దుమ్మునీ ఎంత తట్టుకుంటుందో చెప్పేది ఐపీ రేటింగు. ఐపీఎక్స్4 అని అట్ట మీద వేస్తే, ఏ వైపు నుంచి నీళ్లు చిలకరించినా తట్టుకుంటుందని. ఐపీఎక్స్5 అంటే సన్నటి ధారనీ తట్టుకుంటుంది. ఈ రెంటిలోనూ ఎక్స్ ఉన్న చోట దుమ్ము సంగతి రాయాలి. ఎక్స్ వేశారంటే దుమ్ముకి రేటింగు ఇవ్వలేదని. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో, కటింగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: రాతిపొడి జాలీలో ఇరుక్కుంటే సౌండు తగ్గుతుంది, పిన్నుల్లో పడితే ఛార్జింగ్ ఆగుతుంది. పైగా ఆ రేటింగు చాలావరకు బడ్స్‌కే, డబ్బాకి ఉండదు.

ఇక పాట. ముందు రబ్బర్లు. బడ్స్‌తో పాటు మూడు సైజులిస్తారు, జనం మధ్య సైజుతోనే కానిచ్చేస్తారు. రెండు చెవులూ ఒక్కలా ఉండవు, ఎడమకి మధ్యది, కుడికి పెద్దది పట్టడం వింతేం కాదు. సరిగ్గా పట్టిందో లేదో తెలియాలంటే రెండూ పెట్టుకుని, పాట లేకుండా "మ్‌మ్" అని రాగం తీయండి. సొంత గొంతు తలలో గుమ్మంటూ మోగితే గాలి సందు లేనట్టే. ఒక పక్కే మోగితే రెండో పక్క రబ్బరు మార్చాలి. సందున్న చెవిలో ఎంత మంచి డ్రైవరైనా బేస్ ఇవ్వలేదు, కింది శబ్దమంతా ఆ సందులోంచే పోతుంది. "బేస్ లేదు" అని వెనక్కిచ్చే బడ్స్‌లో చాలా వాటి రోగం ఇదే.

రబ్బరు లేకుండా చెవి బయట వేలాడే రకం వేరు. అందులో సందు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆ లోటు పూడ్చడానికి 12, 13 మి.మీ. పెద్ద డ్రైవర్లు పెడతారు. చెవిలోకి దూరే రకంలో 6 నుంచి 10 మి.మీ. సరిపోతుంది. కాబట్టి 13 మి.మీ. డ్రైవరు 10 మి.మీ. దానికన్నా గొప్పదన్న లెక్క తప్పు. బయట వేలాడే రకం ఎండాకాలంలో చెవికి హాయిగా ఉంటుంది, వెనక హారన్ వినబడుతుంది, బస్సులో మాత్రం పాట మునిగిపోతుంది.

వినడానికి పద్ధతి ఉంది. మీ ఫోనే వాడండి. ఈక్వలైజరు, డాల్బీ అన్నీ ఆపండి. సౌండు సగానికి పెట్టండి. రెండు జతల్ని పోల్చాలంటే రెండూ ఒకే స్థాయిలో వినబడేలా సర్దుకోండి, లేదంటే గట్టిదే గెలుస్తుంది. పాట మీకు కంఠతా వచ్చినదై ఉండాలి.

గొంతు పరీక్షకి మన నెల్లూరాయన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కన్నా మంచి కొలబద్ద లేదు. వాద్యాలు తక్కువుండి, ఆయన మెల్లగా పాడిన పాట ఏదైనా పెట్టండి. మాటకీ మాటకీ మధ్య ఆయన తీసుకునే ఊపిరి వినబడాలి. కింది స్థాయికి దిగినప్పుడు గొంతు నిండుగా ఉండాలి గానీ కుండలోంచి వచ్చినట్టు ఉండకూడదు. చవక బడ్స్‌లో బేస్ ఎక్కువ చేసి గొంతుని వెనక్కి నెట్టడం మామూలు రోగం, అందులో గాయకుడు పక్క గదిలో పాడుతున్నట్టుంటాడు. తర్వాత స, శ, ష అక్షరాలు చూడండి. "స్స్" అని చెవిలో గుచ్చుకుంటే 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం ఎత్తుగా ఉంది. షాపులో అది "క్లారిటీ"గా అనిపిస్తుంది, అరగంట వింటే తల నొప్పి పుడుతుంది.

రెండోది మృదంగం. తొప్పి వైపు "ధోం", కుడి వైపు "నం" రెండూ విడివిడిగా తెలియాలి. "ధోం" పడగానే ఆగకుండా సాగి, వెనక వచ్చే "నం"ని మింగేస్తే ఆ బేస్ మందం తప్ప పదును లేనిది. కచేరీలో ఘటం కూడా ఉంటే మరీ మంచిది, మట్టి శబ్దాన్ని డబ్బా శబ్దంగా మార్చే బడ్స్ అక్కడ దొరికిపోతాయి. నాదస్వరం, డోలు కలిసిన పెళ్లి మేళాన్ని సౌండు ముప్పాతికకి పెంచి ఒక్క నిమిషం వినండి, చిట్లితే తెలిసిపోతుంది.

మూడోది కుడి ఎడమల సమానత్వం. ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో (రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం) ఆన్ చేసి వార్తలు చదివే గొంతు పెట్టండి. అది సరిగ్గా తల మధ్యలో వినబడాలి. ఒక పక్కకి లాగితే ముందు రబ్బరు, జాలీ చూడండి, అదే సెట్టింగ్స్‌లో బ్యాలెన్స్ గీత మధ్యలో ఉందో లేదో చూడండి. అన్నీ బాగుండి ఇంకా లాగితే రెండు పక్కలా సరిపోలని డ్రైవర్లు పడ్డాయి, ఆ పీసు మార్చమనండి. యూట్యూబ్‌లో 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా పాకే టోను దొరుకుతుంది, తక్కువ సౌండులో పెట్టండి. మొదటి 40 హెర్ట్జ్ దాకా వినబడకపోయినా పర్లేదు. 60 నుంచి 200 మధ్య ఈగ ముసిరినట్టు జుయ్యిమంటే లోపల వదులు జాలీయో, పొరకి తగులుతున్న వెంట్రుకో ఉంది.

కోడెక్, అంటే పాటని కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతి, గురించి షాపులో వాదులాట అనవసరం. ఈ ధరలో ఎస్బీసీ, ఏఏసీ రెండే దిక్కు, రెండూ చాలు. బ్లూటూత్ 5.3 అన్నా 5.0 అన్నా పాట నాణ్యత మారదు. అయితే ఒకటి తెలుసుకోవాలి. కాల్ కలవగానే, ఆటలో మైకు ఆన్ చేయగానే శబ్దం ఒక్కసారిగా పేలవమైపోతుంది. అది లోపం కాదు. మైకు వాడేటప్పుడు బ్లూటూత్ వేరే పద్ధతికి మారుతుంది, అందులో శబ్దాన్ని సెకనుకి 16 వేల సార్లే కొలుస్తుంది, పాత రకాల్లో 8 వేల సార్లే. ఎంత ఖరీదైన బడ్స్‌లోనైనా ఈ దిగుడు చాలావరకు ఉంటుంది.

అట్ట మీద ఈఎన్సీ అని పెద్దక్షరాల్లో వేసి, ఏఎన్సీ (మన చెవికి చేరే బయటి మోతని తగ్గించేది) అనుకునేలా అమ్మడం బాగా అలవాటైపోయింది. ఈఎన్సీ మీ చెవికి ఏమీ చేయదు, మీరు మాట్లాడేటప్పుడు అవతలివాళ్లకి వెనక మోత తగ్గిస్తుంది, అంతే. "నాలుగు మైకులు" అంటే ఒక్కో బడ్‌కి రెండు. ఇది ఒకే తీరుగా సాగే మోతని బాగా కోస్తుంది. రొయ్యల చెరువు గట్టున ఏరేటర్ల హోరులోంచి మాట్లాడితే మేస్త్రికి మాట అర్థమవుతుంది. బస్టాండులో పక్కన పదిమంది మాట్లాడుతుంటే మాత్రం చేతులెత్తేస్తుంది, అదీ మనిషి గొంతే కదా. హైవే మీద బండి గాలికి ఈ ధరలో ఏదీ నిలవదు. షాపులో పరీక్షించాలంటే బడ్స్‌ని మీతో వచ్చినవాళ్లకి పెట్టి రోడ్డు మీదికి పంపండి, వాళ్లు ఫోన్ చేస్తే మీరు లోపల నిలబడి వినండి. పెట్టుకున్న మనిషికి తన మైకు ఎట్టా పలుకుతుందో తెలియదు.

నిజమైన ఏఎన్సీ ఉన్నవి కాస్త పైన, పదిహేను వందల చుట్టుపక్కల మొదలవుతాయి. నెల్లూరు నుంచి ఒంగోలు బస్సులో ఇంజను గుర్రు తగ్గుతుంది, ముందు సీటువాళ్ల కబుర్లు తగ్గవు. పాట ఆపేసి ఏఎన్సీ ఆన్ చేసి చూడండి, లోపల సన్నగా "సుయ్" అని వినబడితే అది చవక ఏఎన్సీ. అట్ట మీది డెసిబెల్ అంకె ఏదో ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన గరిష్ఠం, అన్నిచోట్లా అంత తగ్గదు.

బ్యాటరీ లెక్క మీరే వేసుకోవచ్చు. ఒక్కో బడ్‌లో 40 ఎంఏహెచ్, డబ్బాలో 400 అనుకుందాం. డబ్బా బ్యాటరీ 3.7 వోల్టులు, బడ్స్‌కి ఇచ్చేటప్పుడు 5 వోల్టులకి పెంచాలి. 400ని 3.7తో హెచ్చించి 5తో భాగిస్తే 296, పెంచడంలో పదో వంతు పోతే సుమారు 266. రెండు బడ్స్‌కి కలిపి 80 కావాలి, అంటే మూడు సార్లు నింపి కొంచెం మిగులుతుంది. బడ్ ఒకసారికి 7 గంటలు పాడితే మొత్తం 30 గంటలు. ఇవే అంకెలున్న బడ్స్ అట్ట మీద "60 గంటలు" అని ఉంటే ఎవరో కళ్లు మూసుకుని రాశారు. పైగా ఆ 7 గంటలు కూడా సగం సౌండులో, ఏఎన్సీ ఆపి కొలిచిన అంకె. బ్యాటరీని చంపేది వేడి. మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద, బండి ట్యాంకు కవర్లో డబ్బా వదలొద్దు, ఆ వేడి తగ్గకుండా ఛార్జింగ్ అసలే పెట్టొద్దు.

మధ్యలో పాట తెగుతుంటే ఫోన్ ఏ జేబులో ఉందో చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని మన ఒంట్లో నీరు మింగేస్తుంది, వెనక జేబు ఫోన్‌కీ ఎదురు చెవి బడ్‌కీ మధ్య మనమే గోడ. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జనంలో తెగితే బడ్స్‌ని తిట్టకండి. ఖాళీ గదిలో, మూడు మీటర్ల దూరంలో తెగితే మార్చుకోండి.

ఒక పక్కే పలకడం ఇంకో నిత్య ఫిర్యాదు. చాలాసార్లు రెండు బడ్స్ ఒకదాన్నొకటి మర్చిపోయి ఉంటాయి. ఫోన్ బ్లూటూత్‌లో పేరు తీసేయండి. ఫోన్ బ్లూటూత్ ఆపండి. బడ్స్ రెండూ డబ్బాలో పెట్టి, మూత తీసి ఉంచి, డబ్బా బటనునో రెండు బడ్స్ టచ్‌నో లైటు రంగు మారేదాకా నొక్కి పట్టండి, చాలా వాటికి పది సెకన్లు చాలు. రెండూ బయటికి తీస్తే చాలా మోడళ్లలో ఒక లైటు ఆగి, ఒకటి మెరుస్తుండాలి. అప్పుడు ఫోన్‌లో కొత్తగా కలపండి. రెండు లైట్లూ విడివిడిగా మెరుస్తూ ఫోన్లో ఒకే పేరు రెండుసార్లు కనబడితే ఇంకా కలవలేదు, మళ్లీ చేయండి.

ధరల మాటకొస్తే, మూడు నాలుగు వందల పేరులేని బడ్స్ వద్దే వద్దు. ఆ డబ్బుకి మంచి వైరు ఇయర్‌ఫోన్ వస్తుంది, దాని పాట వెయ్యి రూపాయల బడ్స్ కన్నా బాగుంటుంది. యాపిల్ బొమ్మతో వెయ్యికి దొరికే కాపీలు ఐఫోన్ దగ్గర పెడితే తెర మీద బొమ్మ కూడా వస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. రోజంతా ఫోన్ మాట్లాడే ఆక్వావాళ్లు, క్వారీలవాళ్లు ఈ ధరలో మెడలో వేసుకునే నెక్‌బ్యాండ్ కొనుక్కోవడం తెలివైన పని: బ్యాటరీ పెద్దది, పిన్నుల బెడద లేదు, ఒకటి జారి చెరువులో పడే భయమూ లేదు.

కొనేది ఏదైనా అట్ట మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు చూడండి. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లకి ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు వివరాలొస్తాయి, అవి అట్ట మీద ఉన్నదానితో కలవాలి. జీఎస్టీ బిల్లు మీద మోడల్ పేరు రాయించుకోండి, ఒట్టి "ఇయర్‌బడ్స్" అని రాస్తే వారంటీ అడిగే రోజున పేచీ వస్తుంది. ఒక్క బడ్ పోతే ఒక్కటే అమ్ముతారా, సర్వీసుకి నెల్లూరులోనే తీసుకుంటారా, కొరియర్‌లో పంపాలా అన్నది డబ్బులిచ్చే ముందే అడగండి. బిల్లుండి కూడా షాపువాళ్లు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఫిర్యాదు తెలుగులోనే చెప్పుకోవచ్చు.